గాల్లో తిరిగే సుత్తి: రెండు బిందువుల దారిని వీడియో మీదే గీసి చూపడం ఎలా? (మోషన్ ట్రాకింగ్)

రేఖాయానం

అందరికీ నమస్కారం. చెక్క సుత్తిని గిరగిరా తిరిగేలా పైకి విసిరితే పిడి చివర మెలికలు తిరుగుతూ పోతుంది. గరిమనాభి (బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్కించే బిందువు) మాత్రం మామూలు బంతిలా పరావలయంలో పోతుంది. ఈ రెండు దారులూ అసలు షాట్ మీదే, సుత్తి కదులుతుండగా గీతలుగా పడాలి. పాఠం కోసం చేస్తున్నది కాబట్టి గీత అందంగా ఉంటే చాలదు, నిజంగా ఉండాలి.

వివరాలు: ఫోన్ ట్రైపాడ్ మీద ఉంది, 1920×1080, సెకనుకి 60 ఫ్రేములు, షట్టర్ ఆటో. సుత్తి ఎగిరే చోట మీటరుకి 500 పిక్సెళ్లు వస్తున్నాయి. సుత్తి సుమారు ఒక మీటరు ఎత్తు లేస్తుంది, సెకనుకి 3 చుట్లు తిరుగుతుంది, మొత్తం 0.9 సెకన్లు గాల్లో ఉంటుంది. కంపోజిటింగ్ (వీడియో మీద గీతలూ బొమ్మలూ కలిపే పని) ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో.

మూడు చిక్కులు. ఒకటి, పిడి చివరని ట్రాకర్ (గుర్తుని ఫ్రేము ఫ్రేముకీ వెతికి పట్టుకునే సాధనం) అయిదారు ఫ్రేముల్లోనే వదిలేస్తోంది. రెండు, నాభి గీత వణుకుతోంది. మూడు, షేప్ లేయర్‌లో ట్రిమ్ పాత్స్‌తో గీతని పెంచుతుంటే దాని కొన ఒకచోట సుత్తికి ముందుకి పోతోంది, మరోచోట వెనకబడుతోంది. ఎక్కడ సరిచేయాలి?

మిల్లీసెకను

మొదటి చిక్కు ట్రాకర్‌ది కాదు, షాట్‌ది. లెక్క చూడండి.

పిడి చివర ట్రాక్ చేసే గుర్తు నాభికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. సెకనుకి 3 చుట్లంటే ఆ గుర్తు నాభి చుట్టూ తిరిగే వేగం 2 × 3.14 × 3 × 0.3, అంటే సెకనుకి 5.65 మీటర్లు. ఆటో షట్టర్ 1/60 సెకను దగ్గర ఆగితే ఒక్క ఎక్స్‌పోజర్‌లో గుర్తు 9.4 సెంటీమీటర్లు జరుగుతుంది. మీ స్కేల్లో అది 47 పిక్సెళ్లు. అంటే గుర్తు స్థానంలో అలికిన మరక మాత్రమే ఉంటుంది, ట్రాకర్‌కి పట్టుకోడానికి ఏమీ మిగలదు. షట్టర్‌ని 1/1000 కి బిగిస్తే అదే జరుగుదల 2.8 పిక్సెళ్లు.

1/60 నుంచి 1/1000 కి వెళ్తే సెన్సర్‌కి చేరే వెలుతురు దాదాపు పదిహేడో వంతుకి పడిపోతుంది. అందుకే ఎండలో తీయండి. లోపల తీస్తే మెయిన్స్ దీపాలు సెకనుకి 100 లేదా 120 సార్లు మిణుకుతాయి. వేగమైన షట్టర్ దగ్గర అది ఫ్రేము ఫ్రేముకీ వెలుతురు మారినట్టు కనిపిస్తుంది, ట్రాకర్ తడబడుతుంది.

ఇక ఫ్రేముల సంగతి. చేతి నుంచి వదిలిన క్షణాన సుత్తి మొత్తంగా సెకనుకి సుమారు 5 మీటర్లతో పోతుంటే, పిడి చివర వేగం అదే దిక్కుకి కలిసిన క్షణంలో సెకనుకి 10.6 మీటర్లు. 60 ఫ్రేముల్లో అది ఫ్రేముకి 88 పిక్సెళ్ల గెంతు, 18 డిగ్రీల తిరుగుడు. 240 లో 22 పిక్సెళ్లు, 4.5 డిగ్రీలు. ఫోన్‌లో 240 ఉంటే అదే వాడండి.

తీసేముందు ఇంకో రెండు చూసుకోండి. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆపేయండి. ట్రైపాడ్ మీద ఉన్నా అది ఫ్రేముని లోపల్లోపల జరుపుతుంటుంది. తర్వాత ఫైల్‌ని మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ చూడండి. వేరియబుల్ అని ఉంటే జాగ్రత్త. దాన్ని స్థిరమైన రేటుకి మారిస్తే కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడతాయి, కొన్ని ఎగిరిపోతాయి. చూడ్డానికి తేడా తెలియదు గానీ వేగం గ్రాఫులో మెట్లు మెట్లుగా బయటపడుతుంది. రేటుని బిగించగల కెమెరా యాప్‌తో మళ్లీ తీయడమే మేలు.

కీఫ్రేమ్_కాపరి

పైన చెప్పినట్టు తీశాక గుర్తుల సంగతి. తిరిగే వస్తువు మీద నాలుగు గళ్ల నలుపు తెలుపు గుర్తు అతికించకండి. అది తిరిగితే నమూనా మారిపోతుంది, పావు చుట్టుకి నలుపున్న చోట తెలుపు వస్తుంది. ఒకదానిలో ఒకటిగా వలయాలున్న గుర్తు ఎటు తిరిగినా ఒకేలా ఉంటుంది. మీ స్కేల్లో 4 సెంటీమీటర్ల వ్యాసమైతే 20 పిక్సెళ్లు, అది సరిపోతుంది. మెరవని కాగితం వాడండి. మెరిసే టేపు మీద వెలుగు చుక్క గుర్తుతో పాటు తిరగదు, దీపం వైపే నిలబడుతుంది, ట్రాకర్ దాన్ని పట్టుకుని పక్కకి పోతుంది.

సుత్తి తల మీద ఒకటి, పిడి చివర ఒకటి. రెండూ ఒకేలా ఉండకూడదు. ఒకదానికి నడుమ నలుపు, రెండోదానికి నడుమ తెలుపు పెట్టండి. లేకపోతే వెతికే పెట్టెలోకి రెండోది రాగానే ట్రాకర్ దాని మీదకి దూకుతుంది.

గుర్తు లేకుండా పిడి అంచునే ట్రాక్ చేయొచ్చు కదా అని కొందరు చేస్తారు. అంచు మీద పెట్టిన పెట్టెకి అడ్డంగా జరిగింది తెలుస్తుంది గానీ అంచు వెంబడి జరిగింది తెలియదు, పిడి పొడవునా జారిపోతుంది. మూలైనా చుక్కైనా ఉండాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ట్రాకర్ ప్యానెల్లో ట్రాక్ మోషన్ నొక్కి ఇలా పెట్టండి:

లోపలి పెట్టె గుర్తుకంటే కొంచెం పెద్దది, 30 పిక్సెళ్లు. బయటి పెట్టె లోపలిదానికి నలువైపులా కనీసం 35 పిక్సెళ్లు ఎక్కువ (240 ఫ్రేముల షాట్‌కి). ఆప్షన్స్‌లో ఛానెల్ ల్యూమినెన్స్. గుర్తు రంగుదైనా శాచురేషన్ ఎంచుకోకండి. ఫోన్ వీడియో 4:2:0, రంగు సమాచారం అడ్డంగానూ నిలువుగానూ సగమే ఉంటుంది, అంచులు దిమ్మలు దిమ్మలుగా ఉంటాయి. సబ్‌పిక్సెల్ పొజిషనింగ్ ఆన్. అడాప్ట్ ఫీచర్ ఆన్ ఎవ్రీ ఫ్రేమ్ ఆఫ్. కాన్ఫిడెన్స్ (నమూనా ఎంత సరిపోలిందో చెప్పే శాతం) తగ్గితే స్టాప్ ట్రాకింగ్. ఎక్స్‌ట్రాపొలేట్ పెడితే గుర్తు పోయాక కూడా ఊహతో ముందుకు పోతుంది, ఆ ఊహ కీఫ్రేములు మీ కొలతలో కలిసిపోతాయి.

ట్రాకింగ్‌ని మొదటి ఫ్రేము దగ్గర మొదలుపెట్టకండి. సుత్తి అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఫ్రేము దగ్గర మొత్తం వేగం అతి తక్కువ, బొమ్మ అక్కడ శుభ్రంగా ఉంటుంది. అక్కడ పెట్టెలు పెట్టి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నడపండి.

రేఖాయానం

అడాప్ట్ ఆపమన్నారు. కానీ తిరిగే వస్తువుకి నమూనా మారుతుంటుంది కదా, దాన్ని ఆన్ చేస్తేనే నయం అనుకున్నాను.

కీఫ్రేమ్_కాపరి

పట్టు వదలదు, నిజమే. కానీ ఎక్కడ పట్టుకుందో మారిపోతుంది. అడాప్ట్ ఆన్ ఉంటే ప్రతి ఫ్రేములో దొరికినదే తర్వాతి ఫ్రేముకి కొత్త నమూనా అవుతుంది. ఒక ఫ్రేములో పిక్సెల్‌లో పదో వంతు తప్పు జరిగితే ఆ తప్పు నమూనాలోకే వెళ్తుంది, దాన్ని సరిదిద్దే మూలం మళ్లీ ఎక్కడా ఉండదు. 0.9 సెకన్ల ఎగురుడు 240 లో 216 ఫ్రేములు. తప్పులు ఒకే వైపు పోగైతే చివరికి గుర్తు నడుమ నుంచి అంచుకి జారిపోయి ఉంటుంది. అంతసేపూ కాన్ఫిడెన్స్ మాత్రం నిక్షేపంలా ఎక్కువే చూపిస్తుంది. వలయాల గుర్తు పెట్టమన్నది అందుకే, దానికి అడాప్ట్ అవసరం రాదు.

జారిందో లేదో తేల్చడానికి: చివరి ఫ్రేముకి వెళ్లి 800 శాతం జూమ్ చేసి అటాచ్ పాయింట్ (ట్రాక్ స్థానాన్ని నమోదు చేసే బిందువు) వలయం నడుమనే ఉందా చూడండి.

నోడ్‌లగూడు

బ్లెండర్ (ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి అదే పని మూవీ క్లిప్ ఎడిటర్‌లో. అక్కడ మొదట ఉండే ప్యాటర్న్ సైజు 21, సెర్చ్ సైజు 71. అంటే గుర్తు ఫ్రేముకి ఎటైనా 25 పిక్సెళ్లే జరగొచ్చు. 22 పిక్సెళ్ల గెంతుకి అది మరీ ఇరుకు. ప్యాటర్న్ 31, సెర్చ్ 111 పెడితే 40 పిక్సెళ్ల వెసులుబాటు వస్తుంది. కోరిలేషన్ (నమూనాతో పోలిక కనీసం ఎంత ఉండాలో చెప్పే హద్దు) మొదట 0.75 ఉంటుంది, కొలత కోసం చేసే ట్రాక్‌కి 0.9 కి పెంచండి. పెంచితే ఎక్కువసార్లు ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగిందో చూడొచ్చు, అది లాభమే.

మోషన్ మోడల్‌లో వలయాలకి లొకేషన్ ఒక్కటి చాలు. వేరే గుర్తైతే లొకేషన్‌కి రొటేషన్ కలిపినది ఎంచుకోండి. మ్యాచ్ దగ్గర కీఫ్రేమ్ అంటే మీరు పెట్టిన నమూనాతోనే పోలుస్తుంది, ప్రీవియస్ ఫ్రేమ్ అంటే కాపరి గారు చెప్పిన జారుడు ఇక్కడా వస్తుంది. మబ్బు నీడలు పడుతుంటే నార్మలైజ్ ఆన్ చేయండి.

బ్లెండర్ నుంచి అంకెలు బయటికి తీసేటప్పుడు ఒక తేడా ఉంది. మార్కర్ స్థానం 0 నుంచి 1 మధ్య భిన్నంగా వస్తుంది, కింది ఎడమ మూల సున్నా. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పై ఎడమ మూల సున్నా. అడ్డు విలువని 1920 తో గుణిస్తే చాలు. నిలువు విలువని మాత్రం 1 లోంచి తీసేసి 1080 తో గుణించాలి. ఇది మరిస్తే సుత్తి దారి తలకిందులుగా పడుతుంది.

గ్రాఫుగీత

నాభి మీద మూడో గుర్తు పెట్టి ట్రాక్ చేయాల్సిన పని లేదు. చేయకపోతేనే మంచిది, అక్కడే వేళ్లు పట్టుకుంటాయి, మొదటా చివరా కనబడదు.

సుత్తిని ఒక అంచు మీద నిలబెట్టి తూచండి. నిలకడగా ఆగిన చోటే నాభి. ఉదాహరణకి రెండు గుర్తుల మధ్య 40 సెంటీమీటర్లు, తల గుర్తు నుంచి నాభికి 10 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు నాభి స్థానం = తల గుర్తు స్థానంలో ముప్పావు భాగం + పిడి గుర్తు స్థానంలో పావు భాగం. ఎక్స్‌కి ఒకసారి, వై కి ఒకసారి. రెండు ట్రాకులనీ రెండు నల్‌లకి (తెర మీద కనబడకుండా స్థానాన్ని మాత్రం మోసే లేయర్లు) అప్లై చేసి, మూడో నల్ పొజిషన్‌లో ఈ లెక్కనే చిన్న కోడ్‌గా, అంటే ఎక్స్‌ప్రెషన్‌గా రాయండి. అటాచ్ పాయింట్‌ని లాగి నాభి మీద పెట్టడం పనికిరాదు. ఒక్క బిందువు ట్రాక్‌కి తిరుగుడు తెలియదు కాబట్టి ఆ దూరం సుత్తితో పాటు తిరగదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఒక్కో ట్రాక్‌లో అర పిక్సెల్ వణుకు ఉంటే, విడివిడిగా వణికే రెండింటినీ ఇలా కలిపాక 0.4 పిక్సెల్‌కి తగ్గుతుంది.

అంతకన్నా ముఖ్యమైంది గుర్తుల మధ్య దూరం. సుత్తి కెమెరాకి ఎదురుగా, ఒకే తలంలో తిరుగుతుంటే ఆ దూరం ప్రతి ఫ్రేములోనూ 200 పిక్సెళ్లే ఉండాలి. ఆ దూరాన్ని ఒక స్లైడర్‌లో లెక్కించి గ్రాఫ్ ఎడిటర్‌లో చూడండి. ఎక్కడైనా 190 కి పడిపోతే సుత్తి దాదాపు 18 డిగ్రీలు కెమెరా వైపుకో అవతలికో వాలిందన్నమాట. ఒక్క ఫ్రేములో టక్కున 170 అయిందంటే ట్రాకర్ దూకింది. నెమ్మదిగా పెరుగుతూ పోతే సుత్తి కెమెరా వైపు వస్తోంది. ట్రాక్ మంచిదా చెడ్డదా అని కళ్లతో ఊహించే పని లేకుండా ఈ ఒక్క గ్రాఫు చెబుతుంది. వాలుడు ఎక్కువున్న విసురుని పారేసి మళ్లీ విసరండి, తర్వాత సరిచేయడం కుదరదు.

మిల్లీసెకను

గ్రాఫుగీత గారి పరీక్షకి ఒక సవరణ. ఫోన్ సెన్సర్ ఫ్రేముని ఒక్కసారిగా కాక పై వరస నుంచి కింది వరసకి చదువుతుంది. మొత్తం చదవడానికి 16 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, నిలువుగా 200 పిక్సెళ్ల దూరంలో ఉన్న రెండు గుర్తులు 3 మిల్లీసెకన్ల తేడాతో నమోదవుతాయి. వదిలిన కొత్తలో సుత్తి సెకనుకి 4.4 మీటర్లతో పైకి పోతుంది కాబట్టి ఆ 3 మిల్లీసెకన్లలో 13 మిల్లీమీటర్లు, అంటే 6 పిక్సెళ్లకి పైగా జరిగిపోతుంది. కాబట్టి సుత్తి నిటారుగా ఉన్న ఫ్రేముల్లో 3 శాతం దాకా తేడా కనిపిస్తే అది వాలుడు కాకపోవచ్చు.

240 ఫ్రేముల్లో ఒక ఫ్రేముకి దక్కే సమయమే 4.2 మిల్లీసెకన్లు. చదవడం అంతకు మించి పట్టడానికి వీల్లేదు, ఈ తప్పు దానంతట అదే నాలుగో వంతుకి తగ్గుతుంది. 240 లో తీయమనడానికి ఇది రెండో కారణం.

స్కేల్ కూడా చూసుకోండి. మీటరు బద్దని సుత్తి ఎగిరే తలంలోనే, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా పట్టుకుని రెండేసి సెకన్లు తీయండి. వెనక గోడ మీద ఉన్న గీతలతో కొలవకండి. కెమెరా 2 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు సుత్తి ఆ బద్ద కంటే 20 సెంటీమీటర్లు ముందుకి వచ్చినా 11 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. కెమెరాని 5 మీటర్లకి జరిపి అసలు ఆప్టికల్ లెన్స్‌తో జూమ్ చేస్తే అదే తప్పు 4 శాతం. అల్ట్రావైడ్ లెన్స్ వద్దే వద్దు, అంచుల దగ్గర నిటారు గీత కూడా వంగుతుంది.

కీఫ్రేమ్_కాపరి

మూడో చిక్కు, గీత కొన. ట్రిమ్ పాత్స్ గీత పొడవుని శాతాల్లో కొలుస్తుంది. రెండు కీఫ్రేములు 0 నుంచి 100 కి పెడితే కొన దారి పొడవునా ఒకే వేగంతో నడుస్తుంది. సుత్తి అలా నడవదు, పైకి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు మళ్లీ వేగం పుంజుకుంటుంది. అందుకే నడుమ కొన ముందుకీ వెనక్కీ పోతోంది. ఈజ్ కీఫ్రేములతో సర్దితే దగ్గరికొస్తుంది గానీ అతకదు.

సరైన దారి: ట్రాక్ నుంచే గీతని ప్రతి ఫ్రేములో పుట్టించడం. షేప్ లేయర్ తీసుకుని లేయర్‌కీ, లోపలి గ్రూపుకీ యాంకర్ పాయింట్, పొజిషన్ రెండూ సున్నా, సున్నా చేయండి. అలా చేస్తే షేప్ లోపలి కొలతలూ కంపోజిషన్ కొలతలూ ఒకటవుతాయి. ఇది మరిచిపోతే గీత కరెక్ట్‌గానే ఉంటుంది కానీ ఫ్రేము నడుమ నుంచి మొదలై కిందికి, కుడికి జరిగి పడుతుంది.

తర్వాత పాత్ ప్రాపర్టీకి ఎక్స్‌ప్రెషన్. మొదలు ఫ్రేము నుంచి ఇప్పటి ఫ్రేము వరకు ఒక్కో ఫ్రేముకీ లూప్ నడపండి. లూప్ తిరిగిన ప్రతిసారీ వాల్యూఎట్‌టైమ్‌తో నల్ పొజిషన్ తీసుకుని జాబితాలో చేర్చండి. చివర్లో ఆ జాబితాని క్రియేట్‌పాత్‌కి ఇవ్వండి, టాంజెంట్ జాబితాలు రెండూ ఖాళీ, క్లోజ్డ్ అన్నచోట ఫాల్స్. లూప్‌ని సెకన్లతో నడపకండి. ఫ్రేమ్ డ్యూరేషన్‌ని మళ్లీ మళ్లీ కూడుతూ పోతే దశాంశాల చివర తప్పు పోగై ఒక్కోసారి ఆఖరి ఫ్రేము జాబితాలోకి రాదు, గీత కొన ఒక ఫ్రేము వెనక మిణుకుమిణుకుమంటుంది. ఫ్రేము సంఖ్యని పూర్ణాంకంగా లెక్కపెట్టి, సమయం కావలసినచోట మాత్రమే ఫ్రేమ్ డ్యూరేషన్‌తో గుణించండి.

216 బిందువుల దాకా ఇది హాయిగా నడుస్తుంది. వేలల్లో ఉంటే నెమ్మదిస్తుంది, అప్పుడు రైట్ ఆన్ ఎఫెక్ట్ తీసుకుని బ్రష్ పొజిషన్‌ని నల్‌కి కట్టేయండి.

మాస్క్‌రోటో

రేఖాయానం గారూ, నాభి గీత వణుకుతోందంటే స్మూదర్ ప్యానెల్ ఉంది కదా. టాలరెన్స్ 2 పెట్టి అప్లై చేస్తే పోతుంది.

గ్రాఫుగీత

వణుకు పోతుంది, దాంతో పాటు ఇంకొన్ని కూడా పోతాయి. స్మూదర్‌కి ఏది వణుకో ఏది కదలికో తెలియదు. పిడి చివర దారిలో ఉన్న పదునైన మలుపులని గుండ్రం చేసేస్తుంది, అవే మీరు చూపించాల్సినవి. నేలని తాకి ఎగిరే వస్తువైతే తాకిన చోట మొనని కూడా కరిగించి, నేలకి పైనే వెనక్కి తిరిగినట్టు చూపిస్తుంది. అలాంటి షాట్‌లో తాకిన ఫ్రేము దగ్గర ట్రాక్‌ని రెండు ముక్కలు చేసి దేనికదే సవరించాలి.

నాభికి మాత్రం మన చేతిలో ఒక నియమం ఉంది. అడ్డంగా వేగం మారదు, నిలువుగా త్వరణం మారదు. గాలి నిరోధం ఇంత చిన్న విసురుకి లెక్కలోకి రాదు. కాబట్టి అంకెలని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి ఎక్స్‌కి సమయంతో సరళరేఖని, వై కి సమయంతో రెండో ఘాత వక్రాన్ని ఫిట్ చేయండి. ఫిట్ చేసిన వక్రాన్ని సన్న గీతగా, ట్రాక్ బిందువులని చుక్కలుగా, రెండూ చూపించండి. చుక్కలు గీతకి అటూ ఇటూ సమంగా చెదిరితే అది వణుకు. అన్నీ ఒకే వైపు ఒరిగితే స్కేల్‌లోనో లెన్స్‌లోనో తప్పుంది. గీత ఒక్కటే చూపిస్తే ప్రేక్షకుడికి ఆ తేడా ఎప్పటికీ కనబడదు.

త్వరణం కావాలంటే పక్క పక్క ఫ్రేముల తేడాల తేడా తీసుకోకండి. ఎందుకో అంకెల్లో చూడండి. 60 ఫ్రేముల్లో గురుత్వం వల్ల రెండో తేడా ఫ్రేముకి 2.7 మిల్లీమీటర్లు, అంటే 1.36 పిక్సెళ్లు. ట్రాక్‌లో అర పిక్సెల్ వణుకుంటే రెండో తేడాలో అది 1.2 పిక్సెళ్లు అవుతుంది. కొలవాల్సింది ఎంతో వణుకూ దాదాపు అంతే. 240 లో ఇంకా ఘోరం, కొలవాల్సింది 0.085 పిక్సెల్ మాత్రమే. అదే 0.1 సెకను అంతరంతో, అంటే 240 లో 24 ఫ్రేములకి ఒకటి చొప్పున మూడు బిందువులు తీసుకుంటే రెండో తేడా 49 పిక్సెళ్లు, వణుకు అదే 1.2. తప్పు రెండున్నర శాతం. మొత్తం బిందువులకీ వక్రం ఫిట్ చేస్తే అంతకన్నా మెరుగు.

రేఖాయానం

240 లో మళ్లీ తీసి ఫిట్ చేశాను. నిలువు త్వరణం 0.15 మీ/సె² వస్తోంది. 9.8 రావాలి కదా. స్కేల్ రెండుసార్లు చూశాను, 500 సరిగ్గానే ఉంది.

మిల్లీసెకను

9.8 ని 0.15 తో భాగించండి. 64 కి దగ్గరగా వస్తుంది. 240 ఫ్రేములతో తీసినదాన్ని ఫైల్ 30 గా చెబుతోంది, లేదా ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 30 కి కన్ఫార్మ్ చేసి (ఆ రేటుగా చదవమని పెట్టి) ఉంటారు. సమయం 8 రెట్లు సాగింది, వేగం 8 రెట్లు తగ్గింది, త్వరణం 8 × 8 రెట్లు తగ్గింది. టైమ్‌లైన్ సమయాన్ని 8 తో భాగించి మళ్లీ ఫిట్ చేయండి. ఆడేది స్లో మోషన్‌లోనే ఉండనివ్వండి, లెక్కలో వాడే సమయం మాత్రం అసలుది కావాలి.

రేఖాయానం

అదే. కన్ఫార్మ్ 30 లో ఉంది. ఇప్పుడు 9.6 వచ్చింది.

ఇంకో ప్రశ్న. గీత రెండూ సరిగ్గా పడ్డాయి గానీ స్థిర చిత్రంగా చూస్తే ఎక్కడ వేగంగా పోయిందో ఎక్కడ నెమ్మదించిందో తెలియడం లేదు.

నోడ్‌లగూడు

గీతకి ఉండే అసలు లోపం అది, దారి చూపిస్తుంది గానీ కాలాన్ని మింగేస్తుంది. 1910ల్లో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు పనివాళ్ల చేతులకి చిన్న దీపాలు కట్టి, కెమెరా షట్టర్ తెరిచి ఉంచి చేతి కదలికని వెలుగు గీతగా తీశారు. వాళ్లకీ ఇదే సమస్య వచ్చింది. అప్పుడు దీపాన్ని నియమిత వ్యవధిలో మినుకుమనేలా చేశారు. గీత ముక్కలు ముక్కలుగా పడింది, ముక్కల మధ్య దూరం వేగం చెప్పింది. దీపం గబుక్కున వెలిగి నెమ్మదిగా ఆరేలా పెట్టడంతో ప్రతి ముక్కా ఒకవైపు మొద్దుగా, ఒకవైపు సన్నగా పడి దిక్కు కూడా చెప్పింది.

మీరూ అంతే చేయండి. గీతని సన్నగా, 2 పిక్సెళ్లు, సగం పారదర్శకంగా ఉంచి, దాని మీద 0.05 సెకనుకి ఒక చుక్క వేయండి. 240 లో 12 ఫ్రేములకి ఒకటి, మొత్తం 18 దాకా వస్తాయి. పైన దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా పడతాయి. నాభి చుక్కలకి నిలువు గీతలు కిందికి లాగితే అవన్నీ సమాన దూరంలో ఉన్నాయని కూడా కనిపిస్తుంది, అడ్డంగా వేగం మారలేదని మాటల్లో చెప్పక్కర్లేదు.

చుక్కల బదులు సుత్తి బొమ్మలే కావాలంటే ఎకో ఎఫెక్ట్ ఉంది. ఎకో టైమ్ మైనస్‌లో పెట్టాలి, ప్లస్ అయితే రాబోయే ఫ్రేములు కనిపిస్తాయి. ఆపరేటర్ మ్యాగ్జిమమ్ అయితే వెనకటి నేపథ్యం ముదురుగా, సుత్తి లేతగా ఉండాలి. తిరగేసి ఉంటే మినిమమ్. మాస్క్ వేసిన లేయర్ అయితే ముందు ప్రీకంపోజ్ చేసి (వేరే కంపోజిషన్‌గా కట్టి) దాని మీద ఎకో వేయండి.

కొత్తచుక్క

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నా షాట్‌లో కెమెరా వస్తువుతో పాటు పక్కకి తిరుగుతుంది. గీత నేలకి అతుక్కోకుండా స్క్రీన్‌తో పాటు జారుతోంది.

కీఫ్రేమ్_కాపరి

మీకు రెండు ట్రాకులు కావాలి, వస్తువుది ఒకటి, నేపథ్యంది ఒకటి. నేపథ్యంలో కదలని రెండు బిందువులని పొజిషన్, రొటేషన్, స్కేల్ మూడింటితో ట్రాక్ చేసి నల్‌కి అప్లై చేయండి. ఆ బిందువులు వస్తువు కదిలే తలానికి దగ్గరలో ఉండాలి. దూరాన ఉన్న చెట్టునో భవనాన్నో పట్టుకుంటే, కెమెరా కొంచెం జరిగినా అది వేరే వేగంతో కదులుతుంది.

పైన చెప్పిన ఎక్స్‌ప్రెషన్‌లో ప్రతి బిందువునీ నేరుగా జాబితాలో వేయకుండా, ముందు నేపథ్యం నల్ తాలూకు ఫ్రమ్‌కంప్‌కి ఇవ్వండి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఆ బిందువు నాటి సమయం. వచ్చినదాన్ని టూకంప్‌కి ఇవ్వండి, ఈసారి ఇప్పటి సమయం. అంటే ఆ క్షణంలో నేల మీద ఎక్కడుందో కనుక్కుని, ఆ నేల ఇప్పుడు స్క్రీన్ మీద ఎక్కడికి జరిగిందో అక్కడ పెడుతున్నారు. రెండో ఆర్గ్యుమెంట్ మరిస్తే రెండూ ఇప్పటి సమయమే తీసుకుని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఏ మార్పూ కనబడదు.

కెమెరా తిరగడమే కాక నడుస్తుంటే ఇది చాలదు, త్రీడీ కెమెరా ట్రాకింగ్‌కి వెళ్లాలి.

మాస్క్‌రోటో

స్మూదర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కంపోజిట్ వైపు నుంచి నాలుగు మాటలు.

గీత సుత్తి మీద నుంచి పోతే స్టిక్కర్ అతికించినట్టు ఉంటుంది. ఫుటేజ్ ఇంకో కాపీ పైన పెట్టి, సుత్తి మాత్రం మిగిలేలా మాస్క్ వేసి, మాస్క్‌ని ఇప్పటికే ఉన్న రెండు నల్‌ల తిరుగుడుకి కట్టేయండి. రోటో (ఫ్రేము ఫ్రేముకీ మాస్క్ గీయడం) దాదాపు ఉచితంగా వస్తుంది, అంచులు సర్దడమే మిగిలేది. మాస్క్ ఫెదర్ అంచు మసకకి సమానంగా, 1/1000 షాట్‌లో 2, 3 పిక్సెళ్లు.

గీత అంచులు కెమెరా బొమ్మ కంటే పదునుగా ఉంటాయి. గీత లేయర్‌కి 0.6 పిక్సెళ్ల బ్లర్, ఫుటేజ్‌లో నాయిస్ ఉంటే అంతే గ్రెయిన్. పాఠం కోసమైతే గ్రెయిన్ వదిలేసినా నష్టం లేదు, గీత మీరు వేసిందని తెలియడమే మంచిది. గ్లో మాత్రం వేయకండి. 2 పిక్సెళ్ల గీత 20 పిక్సెళ్ల వెలుగు అయ్యాక అది ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు, ఇంత కష్టపడి తెచ్చిన అర పిక్సెల్ ఖచ్చితత్వం అందులో మునిగిపోతుంది.

గ్రాఫుగీత

రేఖాయానం గారూ, 9.6 దగ్గర ఆగకండి. ఫిట్‌లో మీరు ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము దాకా తీసుకున్నారు? వేళ్లు పిడిని వదలకముందు ఫ్రేములు రెండు మూడు కలిసినా చేయి తోస్తున్న బలం కూడా లెక్కలోకి వస్తుంది. గుర్తుల దూరం గ్రాఫు పక్కనే ఫుటేజ్ పెట్టి, వేళ్లకీ పిడికీ మధ్య వెలుతురు కనిపించిన మొదటి ఫ్రేము వెతకండి. దానికి అయిదు ఫ్రేముల తర్వాత మొదలుపెట్టి, పట్టుకునే చేయి తాకడానికి అయిదు ఫ్రేముల ముందు ఆపండి.

రేఖాయానం

మొదట్లో 7 ఫ్రేములు, చివర 4 ఫ్రేములు చేతిలోనివే కలిశాయి. తీసేశాక 9.75. చుక్కలు ఇప్పుడు గీతకి రెండు వైపులా చెదిరాయి, ఎక్కడా పిక్సెల్ దాటలేదు.